తువ్వాలు హక్కు

ఉదయగిరి, 14-5-1952, బుధవారం

1. అమ్మ కంటి శుక్లం చూపించడానికి ఆత్మకూరు బస్సుకు అందరికంటే ముందుగా చేరాము.

2. చక్రం మీద సీటులో కుదుపు ఎక్కువ, తూర్పు పక్క ఎండ. అందుచేత పడమటి పక్క నడిమి సీటులో అమ్మను కూర్చోబెట్టాను. ప్రయాణికులెవరికైనా నేను చెప్పే జాగ్రత్త ఇదే.

3. ఎవడో లావుపాటి మనిషి కిటికీలోనుండి తువ్వాలు విసిరాడు. అది అమ్మ ఒడిలో పడింది.

ఆ పెద్దమనిషి లోపలికి వచ్చి, "లెయ్ అవ్వా, తువ్వాలు యేసినాను, కనపళ్లా?" అన్నాడు. కనపడకనే కదా మేము వెళ్తున్నది! కండక్టరును పిలిచాను.

"తువ్వాలు పడినాక సీటు ఆయనదే సామీ."

"మనిషి ఒళ్లో పడినా?"

"యాడ పడితే ఏంది? పడిందా లేదా?"

బస్సంతా నవ్వింది. అమ్మ లేచింది. దుత్తలూరు దాకా కమ్మీ పట్టుకొని తూలుతూ నిలబడింది. ఒక్కడూ చోటివ్వలేదు. నేను ఇంకా న్యాయం మాట్లాడుతూనే ఉన్నాను. ఆ తువ్వాలును రోడ్డుమీద పారవేయవలసింది!

శనివారం ఆపరేషన్ చేస్తామని డాక్టరు చెప్పారు. ఇల్లు చేరగానే అమ్మ, "నేను రాన్రా. కన్ను పోతే పోనీ. అంతమందిలో లెయ్ అనిపించుకునేదానికి మళ్లీ బస్సెక్కాలా?" అంది. ఎంత బ్రతిమాలినా గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం ఎత్తుకొని అయినా బస్సు ఎక్కిస్తాను. ఎవడు లేపుతాడో చూస్తాను. కాని ఆమె ఒప్పుకోనిదే ఆ కంటిమీద కత్తి పెట్టేదెవరు...

రాత్రి పదిన్నర గంటలు.
దేవరపల్లి చిన వెంకటయ్య