ఎదురుకాళ్ల పిల్ల

నెల్లూరు,
ఏప్రిల్ 21.

ప్రియమైన అక్కా,

నాకు పొగరెక్కిందని అమ్మ మైపాడంతా చెప్పుకుంటోందట. డిగ్రీ చదివాక కాలు కిందికి దిగడం లేదందట. మొన్న నువ్వు కూడా ఫోన్లో అదే మాట అన్నావు, కాకపోతే ఏడుస్తూ అన్నావు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, ఏ మాటా చివరిదాకా పోదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఎదురుకాళ్లతో పుట్టడం నేను చేసిన ఘనకార్యం కాదు. పిల్లలందరూ తల ముందు పెట్టి బయటికొస్తే నేను కాళ్లు పెట్టి వచ్చాను, అంతే. అలా పుట్టినవాళ్లు తొక్కితే నడుం పట్టు వదులుతుందట, ఆ పాపానికి ఏడో ఏట నుంచీ ఊళ్లో పట్టేసిన నడుములన్నీ నా కాలి కిందే పడుకున్నాయి. ఆదివారం పొద్దున మన గడప ముందు మనుషులు బోర్లా పడుకునేవాళ్లు, నేను ఎడమ కాలితో మూడుసార్లు తొక్కేదాన్ని. నా పేరు వినీల అని బళ్లో టీచర్లకు తెలుసు. మిగతా ఊరికి నేను ఎదురుకాళ్ల పిల్లనే. ఇప్పుడు నీ నడుం కూడా తొక్కమంటున్నారు. తొక్కనంటే పొగరంటున్నారు. ఎందుకు తొక్కనంటున్నావని ఒక్కరూ అడగలేదు.

ఈ ఫిజియోథెరపీ సెంటర్లో నా పని వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడమే. కానీ ఎనిమిది నెలలుగా కళ్లు తెరుచుకునే కూర్చున్నాను. పోయిన నెల నువ్వు వచ్చినప్పుడు నవోమి మేడం నిన్ను అరగంట పరీక్ష చేసింది గదా. కాళ్లలో తిమ్మిరి లేదు, పాదాల్లో బలం బాగుంది, నరానికి దెబ్బేమీ లేదు. రెండు కాన్పులు, పన్నెండేళ్ల చేపల గంప, వీటితో నడుం చుట్టూ కండ బలం తప్పింది. తప్పిన బలం మళ్లీ వస్తుంది, తొందర పడకూడదు అంది.

ఆమె చెప్పినవన్నీ బొమ్మలు వేసి పంపుతున్నాను. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడువు. ఎవరో పొట్టలో పొడవబోతున్నట్టు పొట్ట కొంచెం బిగించు, ఊపిరి మాత్రం బిగబట్టకు. అలాగే నడుం పైకెత్తి అయిదు లెక్కపెట్టి దించు. పదిసార్లు చాలు. తర్వాత చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి, కుడి చెయ్యీ ఎడమ కాలూ నిదానంగా చాపు. వీపు కుంగకూడదు. పొద్దున తడి ఇసుక మీద పావుగంట నడు. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరెక్కినా అన్నీ ఆపేసి వెంటనే బస్సెక్కు.

నీ చెల్లెలు,
వినీల

*

మైపాడు,
ఏప్రిల్ 29.

చెల్లెలు వినీలకు అక్క మహాలక్ష్మి రాసేది,

నీ కాగితం అందినాది. బొమ్మలో నాకు జడ కూడా వేసినావు, సంతోషం.

తలుపు మూసుకొని చేసినా. మా అత్త అంకాలమ్మ సంగతి నీకు తెలిసిందే గదా, మూసిన తలుపు కనపడితే ఓర్చుకోలేదు. తోసుకొని వచ్చి, నేను నడుం ఎత్తి ఉండేది చూసి, "ఏందమ్మే, మళ్లా కాన్పుకొచ్చి నీళ్లాడతా ఉండావా?" అన్నాది. మీ బావ వాకిట్లోంచి, "ఉండనీమ్మా, దాన్ని ఒలింపిక్కుకి పంపిద్దాం" అని ఒకటే నవ్వు. సిగ్గుతో చచ్చినా.

పదిసార్లు చేస్తే ఏం వస్తాదిలే అని యాభై చేసినా. మీ బావ ఫోన్లో ఎవురో ఆడమనిషి పడుకొని లేచి పాదాలు అందుకుంటా ఉంటే అదీ చేసినా. తెల్లారి చూస్తే లేవలేకపోయినా. గోడ పట్టుకొని పాయిఖానాకి పోయినా పాపా. ఇప్పుడు చెప్పు, నీ చదువు గొప్పదా, నీ కాలు గొప్పదా? కాలైతే మూడు నిమిషాల పని. కాగితమైతే ఎన్ని నెలలో నీకే తెలీదు.

జూన్ పదిహేనున వేట నిషేధం అయిపోయి బోట్లు దిగుతాయి. ఆ పొద్దు రేవులో నేను గంప ఎత్తకపోతే నా చోట జకరయ్య పెండ్లాం కూర్చుంటాది. కూర్చున్నాక లేస్తాదా? నువ్వు ఊరోళ్లందరికీ తొక్కినావు, తోడబుట్టిన దానికి మాత్రం కాగితం పంపిస్తివి. అమ్మ అన్నదాంట్లో తప్పేముండాది?

మహాలక్ష్మి

*

నెల్లూరు,
మే 3.

అక్కా,

ముందు నడుం సంగతి. పడుకుని లేచి పాదాలు అందుకునేది నేను రాయలేదు, నీ నడుముకు అది పనికిరాదు. పది అంటే పదే. రెండు రోజులు ఊరికే నడువు, నొప్పి తగ్గాక అయిదుతో మొదలుపెట్టు. ఏదన్నా ఎత్తేటప్పుడు నడుం వంచకు, మోకాళ్ల మీద దిగు. బరువు పొట్టకు ఆనించుకుని లే. ఎత్తి పట్టుకుని పక్కకు మెలి తిరగకు, పాదాలతో సహా తిరుగు.

ఇప్పుడు ఎవరూ అడగని సంగతి చెప్తాను.

రాఘవమ్మవ్వ గుర్తుందా? నాకు పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. వాళ్ల కొడుకులు ఇద్దరూ మోసుకొచ్చి గడప ముందు బోర్లా పడుకోబెట్టారు. "గట్టిగా తొక్కు తల్లీ, నీకు పుణ్యముంటాది" అంది అవ్వ. మొదటి రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి నా మడమ కింద 'టప్' మంది. అమ్మ చప్పట్లు కొట్టి, "పట్టు వదిలింది!" అని అరిచింది. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నాకు నీళ్లు పోసి కాలు కడిగారు.

అవ్వ ఆ తర్వాత మంచం దిగలేదు. పధ్నాలుగు నెలలు మంచంలోనే ఉండి కన్నుమూసింది. ఎవరూ నన్నేమీ అనలేదు. ఆమె రాత అట్టా ఉండాదన్నారు. ఆమె కొడుకులే మరుసటి ఏడు ఇంకొకర్ని మన గడప దగ్గరికి తీసుకొచ్చారు. ఆ చప్పుడు నేను చెవులతో వినలేదు, మడమతో విన్నాను. ముసలివాళ్ల వెన్నుపూస ఎంత పెళుసో ఇక్కడికొచ్చాకే తెలిసింది. నా కాలు ఆమెకేం చేసిందో నాకు నేనే చెప్పుకోవలసి వచ్చింది.

అందుకే తొక్కను. దీన్ని పొగరంటే అనుకోండి.

వినీల

*

మైపాడు,
జూన్ 24.

వినీ,

ఏడు వారాలు జవాబు రాయలేదని కోపగించుకోవద్దు. అవ్వ సంగతి చదివినాక ఏం రాయాలో తోచలా. అమ్మకి చదివి వినిపిస్తే "చిన్నపిల్ల, భయపడినాది" అనింది, అంతే.

నువ్వు చెప్పినట్టే చేసినా. అయిదు, ఎనిమిది, పది. అత్త సంతకి పోయినప్పుడు చేసేదాన్ని. చీకటితోనే లేచి ఇసుకలో నడిచినా. నాలుగు వారాలకి వంగి చెప్పు తొడుక్కున్నా. బోట్లు దిగిన పొద్దు మోకాళ్ల మీద దిగి గంప ఎత్తినా వినీ! జకరయ్య పెండ్లాం నోరు తెరుచుకొని చూసినాది. నా చోటు నాకే ఉండాది.

ఇంక అసలు సంగతి. నువ్వు తిట్టినా సరే, పూర్తిగా చదువు.

రేవులో అందరూ "ఎట్టా తగ్గినాది?" అని మీద పడినారు. తలుపేసుకొని నడుం ఎత్తినానని ఆ మొగోళ్ల ముందర ఎట్టా చెప్పేది? అత్త కూడా నిలబడి ఉండాది. నోటికొచ్చేసినాది, "మా చెల్లెలు వచ్చి తొక్కి పోయినాది" అని. అత్త లేనప్పుడు వచ్చి పోయినావని చెప్పినా. అమ్మ వెంటనే అందుకొని, అవును నేనూ చూసినానన్నాది. ఇప్పుడు కాదంటే ఇద్దరం అబద్ధాలోళ్లం అవుతాం.

వచ్చే ఆదివారం పదకొండు మంది వస్తా ఉండారు. తోటపల్లి గూడూరు నుంచి పెంచలప్రసాద్ అని ఒకాయన వాళ్ల ఆవిడ ప్రేమలీలని ఆటోలో తెస్తా ఉండాడు. ఆయమ్మకి నడుంలో పట్టి కాలిదాకా లాగతాదంట. పాదం ఈడ్చి నడుస్తా ఉండాది, చెప్పు జారిపోయినా తెలీడం లేదంట. పాపం, ముప్పై ఏళ్లు కూడా లేవు. నీ కాలి మీదే ఆశ పెట్టుకొని ఉండారు.

గట్టిగా తొక్కబాకు. ఊరికే ఆనించు. ఒక్క ఆదివారం వచ్చి పో, నా మాట నిలబడతాది. నా కోసం ఇంకేదీ అడగను.

అక్క

*

నెల్లూరు,
జూన్ 27.

అక్కా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. నిలబడే చదివాను. చెప్పు జారిపోయినా తెలియని పాదం నడుం పట్టు కాదు. నరం నలుగుతోంది. నీకు పనికొచ్చిన వ్యాయామం కూడా ఆమెకు పనికిరాదు.

పెంచలప్రసాద్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆదివారం దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మన్నాను. "మీ అక్కకైతే తొక్కినావు, మాకు ఆసుపత్రా?" అన్నాడు. తొక్కలేదన్నాను. నమ్మలేదు. "మీ అమ్మే చెప్పినాది గదా కళ్లారా చూసినానని" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ చేశాను. నువ్వు ఏ రోజు మొదలుపెట్టావో, ఎన్నిసార్లు చేశావో, ఎందుకు దాచావో అన్నీ చెప్పాను. నీ ఏప్రిల్ ఉత్తరం చదివి వినిపించాను. మీ అత్త తలుపు తోసుకొచ్చిన భాగం కూడా. తర్వాత మీ అత్తకు ఫోన్ చేసి కనుక్కున్నాడట. ఆ వెంటనే అంకాలమ్మత్త నాకు చేసింది. నిజమేనా అంది. నిజమే అన్నాను. అమ్మ చూశానన్నది కూడా అబద్ధమే అన్నాను.

ఇవాళ పొద్దున తొమ్మిదింటికి ప్రేమలీలను తీసుకొచ్చారు. నవోమి మేడం చూసి పావుగంటలో పెద్దాసుపత్రికి పంపింది. స్కాన్ తీశారు. రేపు ఆపరేషన్. పాదంలో బలం ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. అయిదారు వారాలుగా ఇలాగే ఉందట. ముందే రావలసింది, ఈ పది రోజులూ నా కాలి కోసం ఆగారు.

నిన్నటి నుంచీ మీ ఇంట్లో ఏం జరుగుతోందో ఊహించగలను. రేవులో రేపు ఏమంటారో అదీ తెలుసు. నిన్ను అడిగి చెప్పలేదు. అడిగితే వద్దనేదానివి, అయినా నేను చెప్పేదాన్నే.

మిగతా పదిమందికి కబురు పెట్టించు. పెట్టించకపోతే వాళ్లు వచ్చి, చూసి, పోతారు. నేను ఆదివారం రావడం లేదు. ఇకముందు ఎవరి నడుం మీదా కాలు పెట్టను.

వినీల