రాకపోకలు నిలిపివేయడమైనది

గౌరవనీయులైన చెల్లెమ్మగారికి,

నమస్కారములు. ఇచ్చట అందరం క్షేమం. తమరు కూడా క్షేమమని తలుస్తాను.

విషయం: రాకపోకలు నిలిపివేయుట గురించి.

మన పిల్లలకు కుదిరిన సంబంధాన్ని దృష్టిలో ఉంచుకుని, ఊరందరికీ ప్రకటించక ముందే ఈ సంగతి తమకు తెలియజేయడం నా ధర్మంగా భావిస్తున్నాను. ఇటీవల మా వాళ్లు లోతుగా తవ్వి చూడగా, పైకి కనిపించినంత గట్టిగా లోపల లేదని, ఏళ్ల నాటి మురుగు పేరుకుని ఉందని తేలినది. కావున సోమవారం నుంచి మా వైపు నుంచి మీ వైపునకు రాకపోకలు పూర్తిగా నిలిపివేయడమైనది. తమరు వేరే మార్గం చూసుకోగలరు.

తమకు కలిగే అసౌకర్యానికి చింతిస్తున్నాము.

ఇట్లు,
అబ్బాయి తండ్రి,
అధికారి, వాహనదారుల సూచనల విభాగం,
రహదారుల కార్యాలయం.

తా.క. అధిక బరువు, అధిక వెడల్పు ఉన్నవాటిని ఇకమీదట ఏ పరిస్థితిలోనూ అనుమతించరు. దయచేసి బతిమాలవద్దు.

*

అన్నయ్యగారూ అని పిలవాలో వద్దో తెలియని మీకు,

నమస్కారం కూడా అలవాటు కొద్దీ పెడుతున్నాను, ప్రేమ కొద్దీ కాదు.

మీ ఉత్తరం చేరింది. మిషను మీద మీ అబ్బాయి పెళ్లికోటు కుడుతూ చదివాను. సూది వేలులో దిగింది. ఫోన్ చేసి కడిగేద్దామంటే మూడు రోజులుగా అది మూగబోయింది. మా ఆయన్ని అడుగుదామంటే ఆయన నడిపే బస్సు ఎక్కడో ఇరుక్కుని, డిపోలోనే పడుకుంటున్నారట. అందుకని ఒక్కదాన్నే కూర్చుని రాస్తున్నాను.

లోతుగా తవ్వి చూశారా? ఏం దొరికిందండీ? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు మా మేనమామ చేసిన రెండో పెళ్లి దొరికి ఉంటుంది. అది దాచిపెట్టిన సంగతేం కాదు. ఏళ్లనాటి మురుగంటారా? మా ఇంట్లో మురుగు లేదు. మీ తమ్ముడు పనిచేసిన చోటల్లా అప్పగించకుండా వచ్చిన తాళంచెవుల సంగతి నేనేమైనా ఎత్తానా? తెలిసీ నోరు మూసుకున్నాను, మర్యాద తెలిసినదాన్ని కనుక.

సంబంధం తెంపింది మీరు, మేం కాదు. ఈ మాట పదిమందిలో చెబుతాను. పిల్ల నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. ఇంత చేసి మీరు చింతిస్తున్నారా? చింతించండి, బాగా చింతించండి.

ఇట్లు,
అమ్మాయి తల్లి.
(నాకూ హోదా ఉంది. దర్జీ దుకాణం యజమానురాలిని.)

తా.క. బరువు, వెడల్పు గురించి మాట్లాడే ముందు ఒకటి గుర్తుంచుకోండి. మీ నడుము కొలత తీయడానికి నా టేపు చాలలేదు. రెండో టేపు కలిపాను. ఆ మాట ఇంతవరకూ మూడో మనిషికి చెప్పలేదు.

*

గౌరవనీయులైన చెల్లెమ్మగారికి,

నమస్కారములు. తమ ఫిర్యాదు అందినది. మాకు రోజూ వచ్చే ఫిర్యాదులతో పోలిస్తే తమ భాష ఎంతో మృదువుగా ఉన్నందుకు ధన్యవాదములు. తమరు లేవనెత్తిన అంశాలకు సమాధానములు ఈ దిగువన సమర్పించుచున్నాను.

సంబంధం తెగిందని రాశారు. నిజమే. మా వాళ్ల గునపం తగిలి మీ వీధి ఫోన్ తీగ తెగినది. త్వరలో అతుకు వేయిస్తాము.

అమ్మాయి భోజనం చేయడం లేదనీ, కళ్లు వాచాయనీ రాశారు. ఇది దుమ్ము ప్రభావం. ఈ ఫిర్యాదు చాలామంది నుంచి వచ్చినది. కిటికీలు మూసి ఉంచగలరు. కళ్లద్దాలు పెట్టుకోమని చెప్పగలరు.

తాళంచెవుల అంశం మా విభాగం పరిధిలోకి రాదు.

తమ ఆవేదనను పైఅధికారుల దృష్టికి తీసుకువెళ్లి ఒక వెసులుబాటు సాధించాను. వచ్చే వారం నుంచి ఒకవైపు రాకపోకలు అనుమతించడమైనది. అనగా మా వైపు నుంచి మీ వైపునకు రావచ్చును. ఒకసారి అటు వచ్చినవారికి తిరిగి ఇటు ప్రవేశం లేదు. అబ్బాయి పనిమీద బయటికి వెళ్లాడు. రాగానే కోటు సరిచూసుకోవడానికి మీ ఇంటికి పంపుతాను. పై నియమం వాడికీ వర్తిస్తుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
అబ్బాయి తండ్రి.

తా.క. రెండో టేపు విషయం దయచేసి గోప్యంగా ఉంచగలరు.

*

మహారాజులాంటి అన్నయ్యగారికి,

కోటి నమస్కారాలు. మొన్నటి ఉత్తరం చింపి పొయ్యిలో పెట్టండి. ఆ రాసిన చేతికి వాత పెట్టుకోవాలి.

నాకు మొదట అర్థం కాలేదు. మూడుసార్లు చదివితే అప్పుడు తలకెక్కింది. ‘మా వైపు నుంచి మీ వైపునకు రావచ్చును, తిరిగి ఇటు ప్రవేశం లేదు, వాడికీ వర్తిస్తుంది.’ అంటే ఇల్లరికమే కదా! ఒక్కగానొక్క కొడుకుని మాకు ఇల్లరికం ఇచ్చేస్తున్నారు. ఈ రోజుల్లో ఎవరికి వస్తుందండీ అంత పెద్ద మనసు? తెగిన సంబంధానికి అతుకు వేయిస్తానన్నారు. నేను ముప్పై ఏళ్లుగా అతుకులు వేస్తున్నాను కానీ ఇంత నేర్పుగా వేసినవాళ్లని చూడలేదు.

మేడమీది గదిలో గుడ్డల మూటలన్నీ తీయించేశాను. గోడకి సున్నం వేయించాను. కిటికీ పక్కన మంచం వేశాను. అక్కడ కూర్చుంటే రోడ్డంతా కనిపిస్తుంది. ప్రస్తుతానికి రోడ్డు లేదనుకోండి, గొయ్యి కనిపిస్తుంది. పిల్ల రెండు పూటలా తింటోంది. వీధిలో ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చాను.

వదినగారికి ఇది ఎలా ఉంటుందోనని మాత్రం నాకు మనసు పీకుతోంది. తల్లి కదా. ఆవిణ్ణి కూడా వచ్చి నాలుగు రోజులు ఉండమనండి. అయినా మీ నియమం ప్రకారం వస్తే తిరిగి వెళ్లడానికి లేదు కాబట్టి పెట్టె పెద్దదే సర్దుకోమనండి.

ఇట్లు,
మీ చల్లని చెల్లెలు.

తా.క. అల్లుడుగారికి కాజాలు కుట్టడం వచ్చా? రాకపోయినా ఫరవాలేదు, నేర్పిస్తాను. ముందు కత్తెరకి పదును పెట్టడంతో మొదలుపెడదాం.

*

చెల్లెమ్మా!

ఇల్లరికమా? ఎవరికి ఇల్లరికం? ఎవరిచ్చారు?

నీ ఉత్తరం మా ఆవిడ చేతిలో పడింది. చదివి, వంటింటి గడప మీద చతికిలబడి, ‘నాతో ఒక్క మాటైనా చెప్పకుండా బిడ్డని ఇచ్చేశారా’ అని ఏడుపు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

నేను రాసింది రోడ్డు గురించమ్మా! రోడ్డు! తవ్వింది రోడ్డు. మురుగు రోడ్డుది. అధిక బరువు లారీలది. ఒకవైపు రాకపోకలంటే బండ్లు ఒక పక్కకే పోవాలని. మీ వంశం జోలికి నేనెందుకు వస్తాను? ఇన్నేళ్ల నుంచి కాగితాలు రాస్తున్నాను, అపార్థం చేసుకున్నారని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అసలు చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

వాడు పొద్దున్నే షూ ఎక్కడుందని కేకలేస్తాడు. సాయంత్రం వచ్చి నా పేపరు లాక్కుంటాడు. నేను రోజూ విసుక్కుంటాను. మా ఇంట్లో వాడి మంచం లేదనుకుంటే నిన్న ఆ పేపరు మడత కూడా విప్పలేకపోయాను. నిజం చెప్తున్నాను. మాకున్నది వాడొక్కడే. దయచేసి ఆ సున్నం వేసిన గదిలో మళ్లీ మూటలు పెట్టించు తల్లీ.

ఇట్లు,
మీ అన్నయ్య.

తా.క. వాడికి కాజాలు రావు. నేర్పించవద్దు.

*

అన్నయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం వచ్చేలోపే మా ఆయన డిపో నుంచి ఇంటికి చేరారు. మీవి రెండు ఉత్తరాలూ చేతిలో పెట్టాను. చదివి, కుర్చీలోంచి జారి, నేలమీద పడి నవ్వారు. ‘పిచ్చిదానా, ఇది డ్రైవర్లకిచ్చే నోటీసు. మా డిపో గోడ నిండా ఇవే. మేమెవరం చదవం’ అన్నారు.

నాకు ఎంత సిగ్గేసిందో, అంత ఒళ్లు మండింది. చెప్పేది మనుషులకి కదా, మనుషులకి చెప్పినట్టు చెప్పొద్దూ? ‘గొయ్యి తవ్వాం, ఇటు రాకండి’ అంటే మీ పెన్ను అరిగిపోతుందా?

మా ఆయన చెప్పినవి కూడా రాస్తాను, వినండి. ‘ముందుగా బయలుదేరండి’ అని బోర్డు పెట్టారట. ముందుగా బయలుదేరినవాళ్లు ముందుగా ఇరుక్కున్నారు, అంతే తేడా. ‘ప్రత్యామ్నాయ మార్గం’ అని బాణం వేస్తే, ఆ బాణం వెంట వెళ్లిన బస్సు ఇంకో బాణం దగ్గర తేలిందట. ఆ బాణం మొదటి బాణం వైపే చూపిస్తోందట. ప్రయాణికులు మా ఆయన్ని తిట్టారు. ఆయన మిమ్మల్ని తిట్టలేదు, వియ్యంకులని ఆగిపోయారు. ‘పనులు జరుగుచున్నవి’ అన్న బోర్డు దగ్గర ఒక కుక్క తప్ప ఎవరూ లేరట. అది కూడా పడుకునే ఉందట.

సరే, అయిందేదో అయింది. వదినగారికి నేనే విడిగా రాశాను. బిడ్డని ఎవరూ లాక్కోరని, మా పిల్లే అక్కడికి వస్తుందని. ఒక్క మాట మాత్రం వినండి. పెళ్లి రోజున కారు బయటికి తీయకండి. గొయ్యి మీద చెక్క వేశారు. ముగ్గురూ దానిమీంచి నడిచి రండి. కల్యాణమండపం అక్కడికి నాలుగడుగులు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ఆ కారెందుకు మీకు? మన తర్వాత ఇంకో పెళ్లివాళ్లకి మండపం ఇచ్చారు. ఆలస్యమైతే ఒక్క నిమిషం ఆగరు.

ఇట్లు,
మీ చెల్లెలు.

తా.క. ఇల్లరికం కాదని వీధిలో మళ్లీ ఇంటింటికీ చెప్పొచ్చాను. ఎవరూ నమ్మలేదు. సున్నం వేయించారు కదా అంటున్నారు.

*

గౌరవనీయులైన చెల్లెమ్మగారికి,

నమస్కారములు. తమ సూచనలను పరిశీలించడమైనది.

పెళ్లి రోజున నేను కారులోనే రాదలచాను. నేను రాసిన సూచన నేనే పాటించకపోతే ఊళ్లో ఎవరు పాటిస్తారు? ప్రత్యామ్నాయ మార్గం నేనే స్వయంగా గీశాను. పటం మీద వేలితో నడిపి చూశాను. వేలు ఎక్కడా ఆగలేదు. డ్రైవర్లు ఓపిక లేక తిట్టుకుంటారు గానీ మార్గంలో లోపం లేదు. ఈ మాట ఆ రోజు అందరి ఎదుటా రుజువు చేస్తాను.

అబ్బాయి, వాళ్లమ్మ చెక్క మీంచి నడిచి వస్తామని మొండిపట్టు పట్టారు. సొంత ఇంట్లోనే నా సూచనలకు విలువ లేదు. కానివ్వండి. ముందుగా బయలుదేరుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
అబ్బాయి తండ్రి.

తా.క. నా కోసం ఎదురుచూడవద్దు. తమరు వచ్చేసరికే నేను ముందు వరుసలో కూర్చుని ఉంటాను.

*

అన్నయ్యగారికి,

నమస్కారాలు. మండపం వంటగదిలో కూరగాయల బుట్ట బోర్లించి, దానిమీద కాగితం పెట్టి రాస్తున్నాను.

పెళ్లి అయిపోయింది.

ఎంతసేపు ఆపగలమో అంతసేపూ ఆపాం. తర్వాతి పెళ్లివాళ్లు వాళ్ల పూలు మోసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మేనేజరు మైకు తీగ పీకేస్తానన్నాడు. వదినగారు పదిసార్లు వీధిలోకి వెళ్లొచ్చారు. మీ అబ్బాయి కోటు వేసుకుని, పెళ్లికూతురి వైపు కాకుండా గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాడు. ముందు వరుసలో మీ కుర్చీ ఖాళీగానే ఉంది. మీమీద ఎంత కోపమొచ్చినా ఆ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు. చివరికి వదినగారే కళ్లు తుడుచుకుని, ‘కానివ్వండి, ఆయన బాణాలు లెక్కపెట్టుకుంటూ ఎక్కడో తిరుగుతుంటారు’ అన్నారు.

అయ్యాక ఒక లారీ డ్రైవరు మంచినీళ్ల కోసం లోపలికొచ్చాడు. ‘పొద్దుటి నుంచి కదల్లేదమ్మా. నా వెనక కారులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఒళ్లో పటం పెట్టుకుని, మార్గంలో లోపం లేదు, మార్గంలో లోపం లేదు అంటున్నాడు. ఆ కళ్లలో నీళ్లు చూసి ఏమీ అనబుద్ధి కాలేదు’ అన్నాడు. ఎక్కడని అడిగితే చెయ్యి చూపించాడు. అన్నయ్యగారూ, మీరు ఈ మండపం గోడ అవతలి వీధిలోనే ఉన్నారు. మా బాజాలు మీకు మొదటి నుంచీ వినిపిస్తూనే ఉండి ఉంటాయి. ఎవరి పెళ్లో అనుకున్నారా?

దిగి వచ్చేయక అక్కడే ఎందుకు కూర్చున్నారని అడగను. మా ఇంట్లోనూ ఒక డ్రైవరు ఉన్నారు. స్టీరింగు పట్టుకున్న మగాడికి, దిగి నడవచ్చన్న సంగతి చివరికి గానీ తట్టదు.

వడ్డన ఇంకా మొదలుపెట్టలేదు. మీరు కూర్చుంటేనే మొదటి విస్తరి వేస్తామని వదినగారూ నేనూ పట్టుబట్టాం. పక్కనే మా మేడమీదికి భోజనాలు మార్చాం, అక్కడ ఎవరూ మనల్ని లేపరు. సున్నం వేయించింది ఊరికే పోలేదు.

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. లారీ పక్కనుంచి, బండ్ల మధ్య ఒదిగి ఒదిగి నడుస్తూ ఇద్దరు తెస్తున్నారు. పెళ్లిబట్టల్లోనే వస్తున్నారు. నడిచి వచ్చి మీ దీవెన తీసుకుంటామన్నది మా పిల్ల ఆలోచనే. ముందు తలెత్తి చూడండి. ఆ తర్వాత అద్దం దించండి.

ఇట్లు,
మీ వియ్యపురాలు.

తా.క. కారు నడిరోడ్డు మీద వదిలేస్తే ట్రాఫిక్ ఆగిపోతుందని బెంగ పెట్టుకోకండి. మీ దయవల్ల ఆ భయం ఎవరికీ లేదు.