డైనోసార్ పెట్టెకి రెండో టేపు

గురువారం, నరసరావుపేట

మా పాప నస్రీన్ పుట్టినరోజుకని ఆన్‌లైన్‌లో తెప్పించిన డైనోసార్ పెట్టె ఇవాళ విప్పాం. చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి నొక్కి బొమ్మ కట్టుకోవాలి. పెట్టెకి టేపు మీద టేపు ఉంది. లోపల కవర్లు ముందే చింపి ఉన్నాయి. ఎవరో వాడి వాపసు ఇచ్చింది మాకు అంటగట్టారని ఒళ్ళు మండింది. ఒక్క స్టార్ ఇచ్చి రివ్యూ రాయబోయా.

అడుగున న్యూస్‌పేపర్ పొట్లం ఒకటి కనపడింది. అందులో బొమ్మకి అక్కర్లేని ముక్కలు మూడున్నాయి. ఆ మడత నాకు తెలుసు. బండి రిపేరయ్యాక మిగిలిన నట్లు మా ఆయన అట్నే పొట్లం కట్టి బండివాళ్ళ చేతిలో పెడతాడు. పార్సిల్ వచ్చింది కూడా ఆయన మెకానిక్ షెడ్డుకే, రెండ్రోజులు అక్కడే ఉంది.

"మీరేమన్నా దీన్ని విప్పారా ఏంది?" అనడిగా.

"నాకేం పని? షెడ్డులో ఊపిరాడట్లా," అన్నాడు తలెత్తకుండా.

అంతలో నస్రీన్ తోక అందుకుంది.

"ముందు కాళ్ళు పెట్టమ్మా. తోక పెడితే ఎనక్కి పడిపోద్ది," అన్నాడు.

ఎట్టా కట్టాలో చూపించే కాగితం నస్రీన్ ఒళ్ళోనే ఉంది. ఆయన దాన్ని చూడనేలేదు.

ముక్కలు గట్టిగానే పట్టుకున్నాయి, మెడ చక్కగా తిరుగుతా ఉంది. ఐదు స్టార్లు ఇచ్చేశా.

బొమ్మ కట్టిన సంగతే ఇంత తేలిగ్గా దాచాడు. మరి పోయిన నెల రెండుసార్లు గుంటూరు పోయింది స్పేర్ పార్టుల కోసమేనా...