స్కోరప్ప అని పిలిచినోళ్ళు

హిందూపురం,
ఆదివారం.

ధర్మవరంలో ఉండే మా అక్క లక్ష్మమ్మకు తమ్ముడు వెంకటరాముడు దండం పెట్టి రాసేది. నేను ఈడ తిని తిరిగేంత బాగానే ఉండా. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లుండాది? సూరి మగ్గం నడుస్తాందా? కోడలు, పిల్లోళ్ళు బాగుండారా? కోడలు నీళ్ళోసుకొనిందని పోయిన ఉత్తరంలో రాస్తివి. ఎన్నో నెలనో రాయలేదు. ఈసారి రాయి.

అక్కా, ఈ ఉత్తరం నువ్వే చదువుకో. కోడలితో చదివించొద్దు. అందుకే అక్షరాలు ఇంత పెద్దగా రాస్తాండా. ఇన్‌లాండు కవర్లో పట్టలేదు, నోటుబుక్కు కాగితాలు చించుకుంటి. పెద్దగా రాసేది నీ కోసమే కాదు. చిన్నగా రాస్తే నాకే కనపడదు. ఈ మాట రెండేండ్ల నుంచి నీకు చెప్పలేదు. ఇంగ దాచి లాభం లేదని చెప్తాండా.

ఈడ ఎండ మన ధర్మవరం అంత లేదు. తెల్లారితే చల్లగాలి కొడతాది, నువ్విచ్చిన దుప్పటి కప్పుకుంటాండా. హోటల్లో చారులో బెల్లం వేస్తారు, కన్నడమోళ్ళ మాదిరి. రెండేండ్లాయ, నా నోటికి పట్టలేదు. నేనే సంగటి కెలుక్కుంటా. నువ్వు పంపిన చెనక్కాయల పొడి మొన్నటిదాకా వచ్చె. మల్ల పంపొద్దు. ఎందుకొద్దో కింద రాస్తా.

మగ్గం దిగి హిందూపురం వచ్చింది నెల జీతం కోసమని మీకందరికీ చెప్పినా గదా. అది అబద్ధం. నేను నేసిన చివరి చీర నీకు గుర్తుండాదా, మెంతిరంగుది. అంచులో పోగు తెగిపోతే నాకు కనపడలేదు. జానెడు పొడుగు నేసినాక సూరి చూసి, "ఇదేంది మామా, నిద్రపోతాండావా" అనె. అవునురా, నిద్ర పట్టిండె అని చెప్తి. సావుకారి ఆ చీర వాపసు పంపె. పెనుకొండలో కండ్ల క్యాంపు పెట్టినారంటే ఎవరికీ చెప్పకుండా పోతి. డాక్టరు లైటు వేసి చూసి, "పొర కాదు పెద్దాయనా. పొరయితే తీసేస్తుంటి. లోపల నరం ఎండిపోతాంది" అనె. పెనుకొండ బస్టాండులో ధర్మవరం బస్సు నిలబడుండె. నేను హిందూపురం బస్సు ఎక్కితి. నీ మరదలు పోయినాక నాకని ఎవరుండారు, మీకు బరువు కావడం ఎందుకని.

ఈడ నూలు మిల్లులో ప్యాకింగు పని దొరికె. దారం చుట్టిన కోన్లు వస్తాయి. ఒక్కో రకం దారానికి ఒక్కో రంగు అట్టగొట్టం. రంగు చూసి, ఏ రకం ఆ రకం వేరు చేసి సంచుల్లో పెట్టల్ల. నాకు రంగులు పొద్దున వెలుతురులోనే ఆనవు, ఇంగ ఆ షెడ్డులో ఏం ఆనతాయి? కానీ అక్కా, దారం చేతి ఏళ్ళకు తగిలితే చాలు, ఎంత సన్నమో నాకు తెలుస్తాది. నలభై ఏండ్లు పట్టు ముట్టిన ఏళ్ళు ఇవి. ఈ పక్క నుంచి తీసేది, ఒకసారి నిమిరేది, ఆ సంచిలో పెట్టేది. చూసినోళ్ళకు ముసలోడు దుమ్ము తుడుస్తాండాడు అనిపిస్తాది. రెండేండ్లలో నా చేతి మీద ఒక్క కోను కూడా తప్పు సంచిలో పడలేదు. ఈ మాట ఇట్లనే గుర్తు పెట్టుకో.

ఇంగ నా ఆటల పిచ్చి సంగతి. నాయన కొనిచ్చిన రేడియో మగ్గం గుంత పైన మేకుకు తగిలించుకొని వింటాంటే నువ్వు కండెలకు పట్టు చుట్టుకుంటా తిట్టేదానివి. "ఆ ఇంగ్లీషోడు ఏం అరుస్తాండాడో నీకేం తెలుసురా, ఐదో క్లాసుతో ఎగ్గొట్టినోనికి" అని. అరిచింది అర్థం కాలేదు మొదట్లో. వినీ వినీ అర్థమాయ. పోగులు లెక్కపెట్టే తలకాయ గదా, అంకె ఒకసారి పడితే పోయేది కాదు. క్రికెట్టు, హాకీ, ఒలింపిక్కులు, అన్నీ ఆ గుంతలో కూర్చొనే నేర్చుకుంటి. మన వీధిలో వాలీబాలు ఆడేటోళ్ళు రూలు తెలీకపోతే మగ్గం కాడికి వచ్చి అడిగి పోతుండ్రి. గుర్తుండాదా? ఇన్నేండ్లలో ఒక్క మ్యాచి కూడా కంటితో చూసింది లేదు. ఎదురింట్లో టీవీ వచ్చినా నేను పోలేదు. రేడియోనే బాగుంటాదంటి.

మిల్లులో చేరినాక ఆరు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. నా సంగతి నీకు తెలుసు గదా. ఒకరోజు చాయి టైములో ఓబులేసు అని నా జత పనిచేసే ముదిగుబ్బ పిల్లోడు, ఇంకొకడు కొట్లాడుకుంటాండ్రి. పాత మ్యాచిలో ఎవరు ఎన్ని వికెట్లు తీసిరని. పిల్లోడంటే పిల్లోడు కాదులే, ముప్పై దాటింటాయి. ఇద్దరూ తప్పే చెప్తాండ్రి. నేను సంచుల ఎనక నుంచి మెల్లగా చెప్తి, ఎన్ని వికెట్లు, ఎన్ని పరుగులిచ్చి, ఏ ఊర్లో అని. ఇద్దరూ తిరిగి చూసిరి.

"ఏమప్పా, ఇన్ని దినాలూ నోట్లో ఏం పెట్టుకొని కూర్చోనుంటివి?" అనె ఓబులేసు.

ఆ పొద్దు నుంచి నా పేరు స్కోరప్ప. షెడ్డులో ఎవరు పందెం కట్టినా నా కాడికే. "స్కోరప్ప చెప్తే అయిపాయ, ఇంగ మాట్లాడొద్దు" అని లేచి పోతుండ్రి. గెలిచినోడు నాకు చాయి ఇప్పిస్తుండె. మేనేజరు కూడా ఒకసారి ఆఫీసులోకి పిలిపించి ఏదో సెంచరీ సంగతి అడిగి, కుర్చీ చూపించి కూర్చోప్పా అనె. నా బతుకులో దొరల ముందర కుర్చీలో కూర్చొనింది అదే. అబద్ధం ఎందుకు చెప్పల్ల, నాకు బాగుండె. అన్నం తిన్నావా, జరం తగ్గిందా అని అడిగినోడు ఒక్కడు లేడు. స్కోరు అడుగుతుండ్రి. దాన్నే పలకరింపు అనుకుంటి.

పోయిన ఆదివారం మనోళ్ళది పెద్ద మ్యాచి ఉంటే క్యాంటీనులో టీవీ పెట్టించినారు. పొద్దున షిఫ్టు దిగినోళ్ళంతా కూర్చొనిరి. నేను రూముకు పోతా, రేడియోలో వింటానంటి. వదిల్తే గదా. ఓబులేసు చెయ్యి పట్టుకొని లాక్కోనిపోయి ముందర కుర్చీ వేసి కూర్చోబెట్టె. టీవీలో బొమ్మ వస్తాంది, మాట రాలేదు. ఏం తిప్పినా రాలేదు.

"మాట రాకపోతే ఏమి? మనకు స్కోరప్ప ఉండాడు గదా. చెప్పప్పా, రేడియోలో మాదిరి చెప్పు" అనె ఓబులేసు. అందరూ చెప్పు చెప్పు అని కేకలేసిరి.

అక్కా, నా ముందర పచ్చగా ఒక మరక కనపడతాండె. అందులో ఇంగో మరక కదులుతాండె. అంతే. ఆడనే లేచి, నాకు కండ్లు ఆనవప్పా అని ఉంటే అయిపోతుండె. నేను చెప్పేదానికి మొదలుపెడితి. ఎవరి ఎనక ఎవరు బ్యాటింగుకు వస్తారో నాకు తెలుసు. ఎవరెన్ని ఓవర్లు వేస్తారో తెలుసు. ఎనకున్నోళ్ళు హో అంటే ఫోరు అనేది, అయ్యో అంటే తప్పిపాయ అనేది. అరగంట నడిచె. ఈలలు వేస్తాండ్రి, చప్పట్లు కొడతాండ్రి. నాకు ఎగదోసినట్లాయ. కుర్చీలో ముందుకు జరిగి ఇంగా గట్టిగా చెప్పబడితి. బౌలరు పరిగెత్తుకొని వస్తాండాడు, వచ్చె, వచ్చె, వేసె, బ్యాటు అంచుకు తగిలె అని.

ఎనక నుంచి చప్పుడు రాలేదు. నేను ఆపలేదు. మల్ల బౌలరును పరిగెత్తించినా.

అప్పుడు ఒక్కసారిగా నవ్విరి. ఓబులేసు కింద పడి నవ్వుతాండాడు. "ఏమప్పా స్కోరప్పా, సబ్బు అడ్వర్టైజుమెంటులో ఆయమ్మ చొక్కా ఉతుకుతాంటే నువ్వు బౌలింగు వేయిస్తాండావే!" అనె. నేనూ నవ్వితి. కావాలని చెప్పినట్ల నవ్వితి. వాళ్ళు నమ్మిరి. "భలే తమాషా మనిషప్పా" అని ఎవరో వీపు తట్టినారు.

నవ్వనిది మంజునాథ ఒక్కడే. వాడు మా షెడ్డు సూపర్వైజరు. చెడ్డోడు కాదు. మరుసటి దినం పొద్దున్నే నా కాడికి వచ్చి నిలబడె. చేతిలో రెండు కోన్లు ఉన్నట్లుండె.

"పెద్దాయనా, దీని గొట్టం ఏ రంగు?"

నేను చెయ్యి చాపితి.

"ముట్టుకోవద్దు. చూసి చెప్పు."

పచ్చ అంటి.

"ఇది?"

ఎరుపు అంటి.

"రెండూ నీలమే పెద్దాయనా" అని మెల్లగా అనె. పక్కనోళ్ళు పని ఆపి చూస్తాండారని ఆ నిశ్శబ్దంలోనే తెలిసె. ఒక్క మాట చాలు అక్కా. నా చేతికీయప్పా, కండ్లకు గుడ్డ కట్టినా చెప్తా ఏది ఏ దారమో, రెండేండ్ల సంచులు విప్పి చూసుకో, ఒక్కటి తప్పుంటే అడుగు. ఇంత మాట. నోట్లోకి రాలేదు. మంజునాథ ఆ రెండు కోన్లూ నా సంచి మీద పెట్టె. "ఆఫీసులో చెప్పల్ల గదా నేను. మిషన్లు తిరిగే చోటు, రేపు ఏమన్నా అయితే నా మీదికి వస్తాది" అని పాయ.

ఓబులేసు మధ్యాన్నం వచ్చె. నవ్వు లేదు వాని మొగంలో, గొంతులోనే తెలుస్తాంది. "నాకు తెలీదప్పా. తెలిసుంటే నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెడతానా?" అనె. వాడే నన్ను మేనేజరు కాడికి తోడుకొని పాయ. "నేను మాట్లాడతా, నువ్వు దారం సంగతి ఒక్కటి చెప్పు. నువ్వంటే ఆయప్పకు గురి" అనె. వాకిలి దాకా వచ్చినాక లోపలికి నన్నొక్కన్నే రమ్మనిరి.

మేనేజరు ఫోన్లో ఉండాడు. నన్ను చూసి, "ఆ, స్కోరప్ప రానే వచ్చె. ఉండు, అడుగుతా" అని ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టె. "మా బామ్మర్దితో పందెమప్పా. కూర్చో, కూర్చో" అనె. అదే కుర్చీ. శానా ఏండ్ల కిందటి మ్యాచి ఒకటి అడిగె.

అక్కా, దానికి నోరు వచ్చె. పదకొండు మంది పేర్లు, ఎవరెన్ని కొట్టిరి, ఎవరు ఎవరికి అవుటయిరి, కడాకు ఎన్ని పరుగులు చాల్లేదు, నీళ్ళు తాగినట్ల చెప్తి. ఆయన ఫోన్లో నవ్వి, వింటివా వింటివా అని ఎగతాళి చేసి, పెట్టేసె. "భలే తలకాయప్పా నీది. కంప్యూటరు" అనె. మల్ల, "కండ్ల సంగతి మంజునాథ చెప్పె. ఏం చేస్తాం, వయసు. ఇంటికాడ హాయిగా ఉండు" అని కాగితం మీద సంతకం పెట్టి చేతికిచ్చె. సరే సార్ అంటి. బయటికొస్తే ఓబులేసు "చెప్పినావా?" అనె. చెప్పినా అంటి.

ఆడికి అయిపాయ. మరుసటి దినం గేటు ముందర నుంచి పోతాంటే లోపల నుంచి ఎవరో "స్కోరప్పా, ఈ పొద్దు మ్యాచి ఉండాదా?" అని కేకేసె. నన్ను పనిలో నుంచి తీసేసిరని వానికి తెలుసు. అయినా అదే అడిగె. వేరే అడిగేదానికి వానికి నా గురించి ఏం తెలుసు? రెండేండ్లు చెప్పి చెప్పి నేనే నేర్పించినా వాళ్ళకు, నన్ను అట్లనే పిలవమని.

ఓబులేసు రెండు తూర్లు రూముకు వచ్చి పాయ. వాని మీద నాకు కోపం లేదు. రేడియో వానికే ఇచ్చేస్తి. వద్దంటే సంచిలో పెట్టి పంపిస్తి.

ఇంగ నేను అడిగేది ఒకటుండాది. కండెలు చుట్టేదానికి కండ్లు అక్కర్లేదు. నీ చేతులు నొప్పులంటాండావు. సూరి మగ్గానికి నేను చుట్టి పెడతా. నాకు రెండు పూటలా సంగటి, ఆ మగ్గం పక్క పడుకొనేంత చోటు చాలు. చీర చెడగొట్టినోడు గదా అని సూరి అంటే వాని తప్పు కాదు. నువ్వే అడుగు, కోడలు లేనప్పుడు. వాడు సరే అంటే ఒక కార్డు రాయి, నువ్వే పెద్దక్షరాలతో. వద్దంటే రాయొద్దు. కార్డు రాకపోతే నాకు తెలుస్తాది. నెల కడాకు చూస్తా. బస్టాండుకు ఎవరినీ పంపొద్దు. మన వీధికి నేను అడుగులు లెక్క పెట్టుకొని వస్తా.

వస్తే మాత్రం ఒకటి. వీధిలో ఎవరికీ నా కండ్ల సంగతి చెప్పొద్దు, చూస్తే వాళ్ళకే తెలుస్తాది. ఎవరన్నా స్కోరు అడిగేదానికి వస్తే, మా తమ్మునికి అవన్నీ ఇప్పుడు తెలీవు అని చెప్పి పంపించేయి.

సూరికి, కోడలికి, పిల్లోళ్ళకు నా దీవెనలు. ఎదురింటి పెద్దాయనకు నమస్కారాలు చెప్పు. నువ్వు పెద్దదానివి, ఉండే ఊర్లోనే నా తల మీద చెయ్యి పెట్టినట్ల అనుకో.

ఆ ఆదివారం మ్యాచి ఎవరు గెలిచిరో నాకు ఇంతవరకూ తెలీదు. నేను అడగలేదు.

నీ తమ్ముడు,
వెంకటరాముడు