శివశంకర్ ఇంటి బ్యాటరీ

ఏప్రిల్ 9, బుధవారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి సోలార్ ప్యానెళ్ల సేటు శివశంకర్ పంచినది. కస్టమర్లకు ఇవ్వగా మిగిలితే నా భర్త కరుణ్‌కి ఒకటి ఇచ్చాడు. ప్రతి పేజీ కింద సోలార్ ప్యానెల్ పక్కన అతని ఫొటో. దాని పైనే రాస్తున్నాను.

ఈరోజు నష్టపరిహారం కోసం లేబర్ ఆఫీసుకు వెళ్లాను. గగన్‌పహాడ్‌లో గోదాం కప్పు మీద ప్యానెళ్లు బిగిస్తుంటే రేకు విరిగి కరుణ్ కిందపడి నెల దాటింది. నడుము ఎముక విరిగింది. లేచి కూర్చోలేడు. శివశంకర్ దగ్గర నాలుగేళ్లుగా ఫిట్టర్. జీతం చేతికే. కాగితం ఒక్కటీ లేదు.

ఆఫీసర్ ముందు శివశంకర్ నా వైపు చూడలేదు. "కరుణ్ ఎవరో నాకు తెల్వదు సార్. గోదామోళ్లు పెట్టుకున్న కూలీ గావచ్చు" అన్నాడు.

మీ మనిషి అక్కడ పనిచేసినట్టు రుజువు తెండి అన్నాడు ఆఫీసర్. మళ్లీ మే 22న రమ్మన్నాడు.

ఏప్రిల్ 11, శుక్రవారం

వీరేందర్ ఇంటికి వెళ్లాను. ఆ రోజు నిచ్చెన పట్టుకున్నది అతనే. చాయ్ ఇచ్చాడు. "వదినా, నన్ను మాత్రం పిలువకు. నాకూ పిల్లలున్నరు. రేపు సేటు నన్నూ తెల్వదంటడు" అన్నాడు.

చాయ్ తాగలేదు.

ఏప్రిల్ 19, శనివారం

ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నం వచ్చేసరికి కరెంట్ లేదు. అత్తమ్మ అట్టముక్కతో కొడుకుకి విసురుతోంది. అతని వీపు కింద దుప్పటి తడిసిపోయింది. శంషాబాద్‌లో ఎన్ని మేడల మీద ప్యానెళ్లు బిగించాడో. మాది కిరాయి గది, రేకుల కప్పు.

కరుణ్ ఫోన్ చూస్తూ నవ్వాడు. "చూడు, కరెంట్ ఎవలకు లేకున్నా సేటు ఇంట్ల రెండు ఏసీలు నడుస్తున్నయి" అన్నాడు.

నీకెట్లా తెలుసని అడిగాను. అతను బిగించిన ప్రతి ఇల్లూ ఫోన్‌లోని సోలార్ యాప్‌లో ఉంది. ప్యానెల్ ఎంత ఇస్తోంది, బ్యాటరీలో ఎంత ఉంది, ఇల్లు ఎంత వాడుతోంది, అన్నీ. శివశంకర్‌కి యాప్ తెరవడం రాదు. "పాస్‌వర్డ్ నువ్వే ఉంచుకోరా, నాకెందుకు పరేషాన్" అన్నాడట.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టర్. అత్తమ్మ చర్చి నుంచి వచ్చి "ఇగ దేవునికి అప్పజెప్పు బిడ్డా" అంది. నేను యాప్ చూస్తున్నాను.

ఏప్రిల్ 28, సోమవారం

హిమాయత్ సాగర్ వైపు ఉన్న సేటు ఇల్లు ఇప్పుడు నాకు మా గది కన్నా బాగా తెలుసు. గీజర్ ఎప్పుడు వేస్తారో, ఊరికి పోయిన రోజు కూడా ఎన్ని ఏసీలు మరిచిపోతారో. వాళ్లు సుఖంగా ఉన్నారు. ఇది నా అభిప్రాయం కాదు. గ్రాఫ్.

మే 6, మంగళవారం

యాప్‌లో యాభై అన్న అంకె ఉంది. అదేంటని కరుణ్‌ని అడిగాను. రిజర్వ్ అన్నాడు. బ్యాటరీ ఆ గీత కిందికి దిగకుండా ఆగుతుంది. కరెంట్ పోతే వాడుకోవడానికి దాచిన సగం.

సున్నా పెడితే? "ఏముంది, పొద్దుగూకినంక ఏసీలే మొత్తం తాగేస్తయి. అప్పుడు కరెంట్ పోయిందంటే చీకటే."

ఎక్కడ మార్చాలో కూడా చూపించాడు. పడ్డాక అతను ఇంతసేపు మాట్లాడింది ఇదే మొదటిసారి. ముఖం తేటగా ఉంది. ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు.

మే 15, గురువారం

కరుణ్ ఫోన్‌లో శివశంకర్ వాట్సాప్ స్టేటస్: ఆదివారం రాత్రి మా ఇంట్లో లైవ్ డెమో, జల్‌పల్లి కాలనీ కమిటీకి స్వాగతం.

ఆ డెమో గురించి కరుణ్ చాలాసార్లు చెప్పాడు. జనాన్ని హాల్లో కూర్చోబెట్టి, అన్నీ ఆన్ చేసి, శివశంకర్ తన చేత్తో మెయిన్ స్విచ్ దించుతాడు. ఒక్క లైటూ రెప్ప వేయదు. చప్పట్లు. ప్రతిసారీ బ్యాటరీ బాక్స్ పక్కన కరుణ్ నిలబడేవాడు.

మే 17, శనివారం

యాభైని సున్నా చేశాను.

మే 18, ఆదివారం, సాయంత్రం

మధ్యాహ్నం నుంచి మబ్బు. ప్యానెళ్లు పెద్దగా ఇవ్వలేదు. బ్యాటరీ నలభై.

రాత్రి

ఇరవై. అన్ని ఏసీలు వేసినట్టున్నారు.

తొమ్మిది.

సున్నా.

అదే రోజు, తర్వాత

ఫోన్ మోగింది. "సేటు" అని పడింది. ఈ ఫోన్‌లో ప్రతి కాల్ రికార్డవుతుంది. కస్టమర్ చెప్పింది మళ్లీ వినడానికి కరుణ్ అలా పెట్టుకున్నాడు.

కరుణ్ చెయ్యి చాచాడు. "ఇటియ్యి, ఏదో ట్రిప్పయ్యుంటది, నేను చెప్త." నేను ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్లాను.

అవతల జనం. ఎవరో "ఏంది సేటూ, మా కాలనీల గూడ గిట్లనే చీకటి జేస్తవా?" అంటుంటే నవ్వులు. శివశంకర్ గొంతు తగ్గించి, "కరుణ్, జల్ది చెప్పురా. మెయిన్ దించిన, మొత్తం బందైంది. మల్లేస్తే లైట్లొచ్చినయ్ గని బ్యాటరీ సున్నా అంటుంది. పార్టీ ముంగట ఇజ్జత్ పోతుంది" అన్నాడు.

పడ్డ తర్వాత అతను చేసిన మొదటి ఫోన్ ఇది. నడుము ఎట్లుందని అడగలేదు.

ఎవరు కావాలని అడిగాను. కరుణ్ కావాలన్నాడు. ఏ కరుణ్ అన్నాను.

"ఏ కరుణ్ ఏందమ్మా, మా కరుణ్! నాలుగేండ్ల సంది నా దగ్గర ఫిట్టర్. ఈ ఇంట్ల బిగించిందే వాడు. జర ఫోనియ్యి."

సరిగా వినపడలేదు, మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పాడు. ఈసారి గట్టిగా.

"కరుణ్ ఎవరో మాకు తెల్వదు సార్" అని పెట్టేశాను.

మే 19, సోమవారం

కరుణ్ యాప్ తెరిచాడు. రిజర్వ్ దగ్గర సున్నా చూశాడు. "ఆ బాక్స్ మీద మార్కర్‌తోని రాసింది నా నంబర్. అది ఆగితే పోయేది నా పేరు" అన్నాడు.

పక్కకు తిరగలేడు కాబట్టి ముఖం మాత్రం తిప్పుకున్నాడు.

మే 20, మంగళవారం

నేను అన్నం తినిపించబోతే కరుణ్ అత్తమ్మను పిలిచాడు.

మే 22, గురువారం

ఆఫీసర్ రికార్డింగ్ రెండుసార్లు విన్నాడు. రెండోసారి శివశంకర్ ఫ్యాన్ వైపు చూశాడు. కరుణ్ తన దగ్గర పనిచేసేవాడేనని, పని మీదే పడ్డాడని రాసి సంతకం పెట్టాడు. ఇక నష్టపరిహారం అతని మీద పడుతుంది.

బయట మెట్ల మీద ఆపి, "గింత పగ ఎందుకమ్మా? నన్నొక్క మాట అడిగితే కాదందునా?" అన్నాడు.

ఏప్రిల్ 9న అడిగాను.

మే 23, శుక్రవారం

కరుణ్ నాతో మాట్లాడాడు. సేటు ఇంటి రిజర్వ్ మళ్లీ యాభై చెయ్యమన్నాడు. చేశాను.

పాస్‌వర్డ్ కూడా మార్చాను. కొత్తది నాకొక్కదానికే తెలుసు. అది అతను అడగలేదు.