సాంచ కింద పిల్లి

అన్నా,

నువ్వు పోయినంక నీ సాంచ మీద నేనే బట్ట నేస్తున్న. నీ పిల్లి మళ్ళ దాని కిందనే, దారం చెత్తల ఈనింది.

"దానికి మోతంటే భయం లేదురా, మోత ఆగితెనే భయం. సాంచ ఆగినప్పుడే గదా మనం కిందికి చెయ్యి పెడ్తం" అనేటోనివి. నిరుడు లాక్‌డౌన్ల ఈ సచిన్ ఊర్ల సాంచలన్ని ఆగినప్పుడు, పిల్లల్ని నోట కరుసుకొని పోయింది. ఆ వారమే నీకు జ్వరమొచ్చింది, మళ్ళ లేవకపోతివి.

ఇయ్యాల లాక్‌డౌన్ లేదు. అయినా మళ్ళ పిల్లల్ని బయటికి మోస్తుంది. దీనికి ఏం రోగమని చెవి పెట్టి ఇన్న. షెడ్డుల ఆ చివరన ఉన్న సాంచలు నడుస్తలేవు. నడిపేటోళ్లు జ్వరమని రాలేదంట.

నాకు పొద్దుగాల సంది ఒళ్ళు కాలుతుంది. సాంచ ఆపితే అందరికి తెలుస్తదని ఆపుతలేను. కింద ఒక్క పిల్ల మిగిలింది. దానికోసం పిల్లి మళ్ళ వస్తుంది.