పానా అంటే ఎవరు

ఏప్రిల్ 16

మళ్ళీ అదే పిలుపు. "ఓ పానా, టీలు అట్టుకురా, బేగి!"

నా పేరు సుభద్ర. ఇక్కడైనా రాసి పెట్టుకుంటాను, ఈ సాలూరు అత్తింట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు కదా.

తప్పంతా ఆ మారేడు పండుది. కాపురానికొచ్చిన కొత్త… మా ఆయన నాన్న, మావ, లారీలు బాగుచేసే మా షెడ్డులో ఓ లారీ కింద దూరి "ఒలే గుంటా, పానా అట్టుకురా" అన్నాడు. ఎండ మండిపోతోంది. పాపం, దాహమనుకున్నాను. మా ఒడిశాలో, కోరాపుట్ వైపు పణా అంటే తాగేది — మారేడు గుజ్జు, బెల్లం, కొబ్బరి కోరు. పండు పగలగొట్టి, పిసికి, వడకట్టి, గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఆయనకి కావలసింది నట్లు విప్పే పానా! షెడ్డంతా విరగబడి నవ్వింది. గ్లాసు మాత్రం మావ ఖాళీ చేశాడు.

ఆ రోజు నుంచి నేనే పానా.

ఏప్రిల్ 17

మా ఆయనతో చెప్పాను. "ఒగ్గీ… ఊరికే అంటారు" అని వదిలెయ్యమన్నాడు.

ఊరికేనట! తనని రోజూ సుత్తీ అని పిలిస్తే తెలుస్తుంది.

ఏప్రిల్ 19

అసలు ఆ మాట వీళ్ళదేనా? అత్తని అడిగాను. "పానా అంటే పానాయే. ఏటే నీ గొడవ?" బీహారు నుంచి లోడుతో వచ్చిన డ్రైవరుని అడిగాను. వాళ్ళూ పానా అనే అంటారట. ఎందుకో తెలీదట.

ఏప్రిల్ 20

ఆడపడుచు శిరీష కాలేజీ నుంచి వచ్చి తేల్చేసింది. "స్పానరే వదినా. ముందూ ఎనకా ఊడిపోయుంటాది." నిజమేనా అంటే, "నాకేటి తెల్సు, అనిపించింది సెప్పాను" అని నవ్వింది.

స్పానర్… పానర్… పానా. అన్నం వారుస్తూ అదే అనుకుంటున్నాను.

ఏప్రిల్ 21

అదే నిజమైతే, ఎప్పుడో ఎవడో సగమే విన్నాడన్నమాట. పక్కవాడు నవ్వే ఉంటాడు. తర్వాత వాడూ అదే అన్నాడు. పదిమంది తప్పు పలికితే మాట, నేనొక్కదాన్ని పలికితే నవ్వులాట! అందులోనూ నాది తప్పు కాదు. మా ఊళ్ళో అది తాగేదే.

అమ్మ ఫోనులో "సుభీ" అంది. ముక్కు చీదుకున్నాను. జలుబని చెప్పాను.

ఏప్రిల్ 23

ఇక పానా అంటే పలకను.

ఏప్రిల్ 24

పలకలేదు. "సెవుడొచ్చిందేటే?" అంది అత్త.

"పానా కాదత్తా, సుభద్ర."

బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపి నన్ను చూసింది. మళ్ళీ ఏరడం మొదలెట్టింది.

ఏప్రిల్ 25

మధ్యాహ్నం. మా ఆయన సామాన్లకి బజారు వెళ్ళాడు. షెడ్డులో మావ ఒక్కడే, లారీ కింద.

"పానా!"

ఆ ఇనుము కోసమా, నా కోసమా? గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఓ పానా! ఇనబడట్లేదేటి?"

పెట్టెలోంచి పానా తీశాను. బరువే. లారీ దగ్గరికెళ్ళి అడిగేశాను, వాళ్ళ మాటలోనే — "మావా, నా పేరేటి?"

కింద చప్పుడు ఆగింది. మసి చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. చాచే ఉంది.

"సెయ్యి నొప్పెడతన్నాది. ఇటియ్యి."

"నా పేరేటి మావా?"

చాచిన చెయ్యి వేళ్ళాడించింది, అంతే. పేరు తెలీకా? తెలిసీ నోరు రాకా?

పేరు పలికేదాకా పానా నా చేతిలోనే అనుకున్నాను…